పెద్దవాళ్ళకూ టీకా ఉంది



టీకా అనగానే చంటిపిల్లలే గుర్తుకొస్తారు. పెద్దవాళ్ళకు కూడా టీకా ఉందా అని చాలామంది ఆశ్చర్యపోతారు. ఉంది. అది నిమ్ము జబ్బుకు టీకా. డాక్టర్లు ఈ జబ్బును న్యుమోనియా అంటారు. ఆ టీకా ఎలా వచ్చిందో ఈ రోజు తెలుసుకుందాం.

ఇంట్లో ముసలమ్మకు దగ్గు, ఆయాసం వస్తే ఏమంటారు? "వయసు మీద పడింది, దగ్గు మామూలేలే" అంటారు. రెండు రోజులు చూస్తారు. మూడో రోజుకు మనిషి మంచం దిగదు. ఒక్కోసారి చెయ్యి దాటిపోతుంది. అది వయసు ఒక్కటే చేసిన పని కాదు. చాలాసార్లు దాని వెనక ఒక క్రిమి ఉంటుంది.

కంటికి కనపడని క్రిమి

నిమ్ము తెచ్చే క్రిముల్లో ముఖ్యమైనది న్యుమోకాకస్. 1881లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జి స్టెర్న్‌బర్గ్ దీన్ని ఎవరికి వారే కనిపెట్టారు. ఇది ముక్కులో, గొంతులో ఉంటుంది. పిల్లల ముక్కుల్లో మరీ ఎక్కువ. అక్కడ ఉన్నంతవరకు చాలామందికి ఏమీ కాదు. ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమ్ము చేస్తుంది. నెత్తురులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పసిపిల్లలకు, వయసు మళ్ళిన వాళ్ళకు ముప్పు ఎక్కువ.

ఈ క్రిమి చుట్టూ చక్కెర జాతి పదార్థంతో ఒక పొర ఉంటుంది. అందువల్ల ఒంట్లోని రక్షక కణాలకు అది చిక్కదు. కొర్రమీను చేతిలోంచి జారినట్టు జారిపోతుంది. ఈ పొర అన్నిటికీ ఒకేలా ఉండదు. నూరుకు పైగా రకాలున్నాయి. టీకాలో కొన్ని రకాల పొరను వేరుచేసి వాడతారు. బతికున్న క్రిమి అందులో ఉండదు. ఒళ్ళు ఆ పొరను ముందే గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

వచ్చిన టీకా మూలపడింది

1945లో అమెరికాలో సుమారు 17 వేల మంది సైనికులతో ఒక పరీక్ష చేశారు. సగం మందికి 4 రకాల పొరలున్న టీకా వేశారు. అది బాగా పనిచేసింది. ఆ తరవాత ఒక కంపెనీ 6 రకాల టీకా అమ్మింది. కానీ కొనేవాళ్ళు లేరు. ఎందుకు? అప్పటికే పెన్సిలిన్ వచ్చింది. "జబ్బు వస్తే సూది వేస్తాం, ముందుగా టీకా ఎందుకు?" అనుకున్నారు డాక్టర్లు. కంపెనీ టీకా మానేసింది.

లెక్క రాసిన డాక్టరు

రాబర్ట్ ఆస్ట్రియన్ అనే డాక్టరు ఆ మాట నమ్మలేదు. 1952లో ఆయన న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో చేరారు. పదేళ్ళపాటు నిమ్ము రోగుల లెక్క రాశారు. జబ్బు పోలేదని తేలింది. ఏటా వందలమంది వస్తూనే ఉన్నారు.

ఇంకో చేదు నిజం కూడా బయటపడింది. పెన్సిలిన్ చాలామందిని బతికించింది. కానీ జబ్బు ముదిరి మొదటి ఐదు రోజుల్లో పోయేవాళ్ళను అది ఆపలేకపోయింది. వాళ్ళలో పెద్ద వయసువాళ్ళు, వేరే జబ్బులున్నవాళ్ళు ఎక్కువ. వీళ్ళకు జబ్బు రాకుండానే చూడాలి అన్నారు ఆయన. ఈ లెక్కలు 1964లో అచ్చయ్యాయి.

తరవాత ఆయన దక్షిణాఫ్రికా బంగారు గనులకు వెళ్ళారు. అక్కడ దూరప్రాంతాల నుంచి కొత్తగా వచ్చిన కూలీలు ఇరుకు గదుల్లో ఉండేవారు. వాళ్ళకు నిమ్ము ఎక్కువ. 1970ల మొదట్లో వాళ్ళకు టీకా వేసి చూశారు. టీకాలో ఉన్న రకాల జబ్బు నూటికి సుమారు 80 వంతులు తగ్గింది. 1977లో అమెరికాలో 14 రకాల టీకాకు అనుమతి వచ్చింది. 1983లో 23 రకాల టీకా వచ్చింది.

పెద్దల కోసం ఇంకా మంచి టీకా

గని కూలీలు వయసులో ఉన్నవాళ్ళు. ముసలి ఒళ్ళు టీకా పాఠాన్ని అంత బాగా నేర్చుకోదు. పైగా ఉత్త చక్కెర పొరను ఒళ్ళు ఎక్కువకాలం గుర్తుంచుకోదు. అందుకని శాస్త్రవేత్తలు ఆ పొరకు ఒక మాంసకృత్తును జతచేశారు. అప్పుడు గుర్తు బాగా నిలిచింది.

నెదర్లాండ్స్ దేశంలో 2008లో మొదలుపెట్టి, 65 ఏళ్ళు దాటిన 84 వేలమందికి పైగా పెద్దలతో దీన్ని పరీక్షించారు. సగం మందికి టీకా, సగం మందికి ఉత్త సూది. 2015లో ఫలితం అచ్చయింది. టీకాలోని రకాలు నెత్తురుదాకా పోయే జబ్బు నూటికి 75 వంతులు తగ్గింది. ఆ రకాల నిమ్ము నూటికి 45 వంతులు తగ్గింది. అంటే టీకా వేసుకున్నా నిమ్ము అసలు రాదని కాదు. ముప్పు బాగా తగ్గుతుంది.

మనం చేయవలసింది

మన దేశంలో పిల్లలకు ఈ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది. 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఉచితంగా వేస్తారు. తప్పక వేయించండి. మనవడి ముక్కులో క్రిమి తగ్గితే నాయనమ్మకూ మేలే. అమెరికాలో 2000లో పిల్లలకు వేయడం మొదలుపెట్టాక పెద్దల్లోనూ జబ్బు తగ్గింది.

పెద్దల టీకాను సర్కారు ఉచితంగా వేసే టీకాల్లో ఇంకా చేర్చలేదు. బయట డబ్బు పెట్టి వేయించుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళకు చక్కెర జబ్బు, గుండె జబ్బు, ఉబ్బసం ఉంటే డాక్టరును అడగండి.

ఒక్క సంగతి మరిచిపోకండి. ముసలివాళ్ళకు నిమ్ము చేస్తే ఒక్కోసారి జ్వరం కూడా రాదు. అన్నం మానేస్తారు. మాట తడబడుతుంది. ఊపిరి వేగంగా ఆడుతుంది. అప్పుడు "మామూలేలే" అనకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మీ అత్తకో, అమ్మకో దగ్గు మొదలైతే ఆ తేదీ కాగితం మీద రాసిపెట్టండి. ఎన్నాళ్ళయిందని డాక్టరు అడిగితే చూపించండి. రాయడం మీకు వచ్చు కదా!