పలుకునకు ముందు వినికిడి

మా వృత్తి యంతయు చెవిని నమ్ముకొని సాగుచున్నది. రేడియో ముందున్న వారందరును వినగలరని తలంచియే మేము మాటలాడుచుందుము. కాని పెద్దలు వార్తలు వినుచుండగా, అదే గదిలో ఉయ్యాలలోనున్న పసిబిడ్డకు ఆ వార్తలు గాని తల్లి పాడు జోలపాట గాని చేరుచున్నదా అని విచారించువారు తక్కువ. నేటి మా ప్రసంగము ఆ బిడ్డను గురించినది.

తడ ఆంధ్రదేశమునకు దక్షిణపు పొలిమేర. తూర్పున పులికాటు సరస్సు, దక్షిణమున కొద్ది దూరములోనే తమిళనాడు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఈ ఊరు నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలో చేరినది. బిడ్డ వినికిడిపై అనుమానము కలిగినచో ఇచ్చటి తల్లికి రెండు దారులు గలవు. రైలెక్కి చెన్నపట్టణము పోవచ్చును; శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి పోవచ్చును. దారులకు లోటు లేదు. అనుమానము ఆలస్యముగా కలుగుటయే లోటు.

పుట్టు చెవుడు కంటికి కనబడదు. వినలేని శిశువు కూడ తొలి నెలలలో ఊ కొట్టును, కేరింతలు కొట్టును. తన ధ్వని తనకు వినరానందున ఆ ఊసులు మాటలుగా మారవు. అమ్మమ్మ వెనుక నిలిచి చప్పట్లు కొట్టి చూచును. బిడ్డ తిరుగును. నీడ కదలుట చూచి గాని, చేతిగాలి తగిలి గాని తిరిగియుండవచ్చును. "ఏం ఫరవాలేదమ్మా, వాళ్ళ మేనమామకూ నాలుగో ఏడు దాకా మాటలు రాలేదు" అని ఇంటివారు ధైర్యము చెప్పుదురు. ఆ ధైర్యమే బిడ్డకు కీడగును.

ఏలయన, సేద్యమునకు వలెనే భాషకును అదను గలదు. తొలి మూడు నాలుగేండ్లలో మెదడు మాటను పట్టుకొన్నంత సులభముగా పిమ్మట పట్టుకొనలేదు. కావుననే నెల లోపల పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల చికిత్స ఆరంభము కావలెనని వైద్యులు నియమము చేసికొనిరి.

పసిబిడ్డను "వినబడినదా" అని అడుగుట ఎట్లు? ఆరోగ్యముగా నున్న లోచెవి శబ్దమును గ్రహించుటయే గాక, తానును అతి సన్నని ధ్వనిని వెలికి పంపునని 1978లో డేవిడ్ కెంప్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. నేడు చెవిలో చిన్న గొట్టమునుంచి ఆ ధ్వనిని పట్టుకొందురు. బిడ్డ నిదురలో నుండగనే పరీక్ష ముగియును, నొప్పి లేదు. సందేహము మిగిలినను, బిడ్డ నెలలు నిండక పుట్టినను, కామెర్లు తీవ్రముగా వచ్చినను, తలకు తీగలనతికించి శ్రవణనాడి స్పందనను కొలుచు 'బెరా' పరీక్ష చేయుదురు.

కారణములు పెక్కు. మేనరికము మన ప్రాంతమున అలవాటు. తల్లిదండ్రులిరువురును చక్కగా వినుచున్నను, ఒకే లోపము గల జన్యువును ఇరువురును మోయుచుండవచ్చును. ఆ రెండును బిడ్డలో కలిసినచో చెవుడు కలుగును. దగ్గరి రక్తసంబంధమున ఈ కలయికకు అవకాశము హెచ్చు. ఇది గ్రహణదోషము కాదు. తల్లి చేసిన తప్పు కాదు. గర్భిణికి తొలి మాసములలో రుబెల్లా సోకినను శిశువు చెవికి ముప్పు. 2017లో మన రాష్ట్రమున ఆరంభమైన తట్టు-రుబెల్లా టీకా ఈ ముప్పును తగ్గించుటకే. పుట్టిన పిమ్మట చెవి చీము కారినచో కాచిన నూనె పోయరాదు; వైద్యునికి చూపవలెను.

చెవుడు నిర్ధారణమైనచో మొదట చెవి మిషను. అది చాలనివారికి లోచెవిలో కాక్లియర్ ఇంప్లాంటు అమర్చుదురు. యంత్రము ఇచ్చునది శబ్దము మాత్రమే. భాషను ఇంటివారే ఇయ్యవలెను. స్నానము పోయుచు, అన్నము పెట్టుచు, బిడ్డ ముఖమునకు ఎదురుగా మాటలాడుచునే యుండవలెను. సంజ్ఞాభాషయు పూర్ణమైన భాషయే. దానిని నేర్చుటలో చిన్నతనము లేదు. తిరుపతిలో దేవస్థానమువారి బధిర పాఠశాల కలదు. 2013లో ఆరంభమైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమమున పుట్టు చెవుడును చేర్చిరి. అంగన్‌వాడీలో గాని ఆశా కార్యకర్తతో గాని చెప్పినచో దారి చూపుదురు.

అనుమానము వట్టిదైనచో పోవునది ఒక దినపు ప్రయాణము మాత్రమే. అది నిజమై, మనము ఆలసించినచో, పోవునది బిడ్డ పలుకు. ఆలసింపకుడని మా మనవి.