మిద్దెమీది సౌరవిద్యుత్తునకు తోడు బ్యాటరీ

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. అటువంటి దినములలో ఒంగోలు ప్రాంతమున కరెంటు పోవుట వింత కాదు. మిద్దెపై సౌరఫలకములు పెట్టించుకొన్నవారికి మాత్రము మరొక వింత కనబడును. వాన తెరపి యిచ్చి ఎండ కాయుచున్నను, వీధిలో కరెంటు లేనిదే వారి యింటి ఫంకా తిరుగదు. ఇంత సొమ్ము పోసి ఫలమేమని వారడుగుట సహజమే.

ఇది యంత్రలోపము కాదు. గ్రిడ్డుతో కలిసిన ఇన్వర్టరు వీధితీగలోని కరెంటును అనుసరించి నడచును; అది ఆగినచో క్షణములలో తానును ఆగవలెను. ఆగనిచో మన మిద్దెనుండి విద్యుత్తు వీధితీగలోనికి పోవును. కరెంటు లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణమునకే ముప్పు. తుపాను మరునాడు స్తంభములపై నుండువారు వారే గదా!

కావున బ్యాటరీ చేర్చుట యనగా రెండు తీగలు తగిలించుట కాదు. పాత ఇన్వర్టరును తీసి హైబ్రిడ్ రకమును పెట్టవచ్చును. లేదా పాతదాని ప్రక్కన బ్యాటరీకై వేరొక ఇన్వర్టరును అమర్చవచ్చును. ఏది చేసినను, కరెంటు పోగానే ఇంటిని వీధితీగనుండి పూర్తిగా విడదీయు స్విచ్చి ఉండితీరవలెను. విద్యుత్ పంపిణీ సంస్థకు ముందుగా తెలుపవలెను. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించిరి. అది లెక్కగట్టునది ఫలకముల పేర, బ్యాటరీ పేర కాదు.

ఎంత బ్యాటరీ కావలెను? 75 వాట్ల ఫంకాలు రెండు, 9 వాట్ల దీపములు నాలుగు, కలిపి 186 వాట్లు. రాత్రి ఎనిమిది గంటలకు ఒకటిన్నర యూనిట్లు. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో పేరునకు 1.8 యూనిట్లుండును గాని, తరచు సగమునకు మించి తోడినచో దాని ఆయువు తరుగును. కనుక రెండు కావలెను. అయితే ఫంకాలను 30 వాట్ల బి.ఎల్.డి.సి. రకమునకు మార్చినచో ఒక్కటి సరిపోవును! బ్యాటరీ బేరమాడుటకు ముందు ఫంకాల అంగడికి పొండని మేము చెప్పుదుము. ఏ.సి.ని సైతము బ్యాటరీపై నడుపబూనుట మా దృష్టిలో దుబారా. లిథియం రకము వెల హెచ్చు. ఎక్కువ లోతుగా తోడినను ఓర్చుకొనును, ఎక్కువ కాలము మన్నును.

ఒంగోలు ఎండలలో బ్యాటరీని మిద్దెమీది రేకుల గదిలో ఉంచరాదు. వేడిమి దాని ఆయువును హరించును. సీసపు బ్యాటరీ ఛార్జి అగునపుడు హైడ్రోజన్ వెలువడును గనుక, గాలియాడు నీడలో, పొయ్యికిని దేవుని దీపమునకును దూరముగా ఉంచవలెను. డిస్టిల్డ్ వాటరు మట్టము నెలకొకసారి, మే నెలలో రెండుసార్లు చూడవలెను.