పటం ఉంది, చెప్పేవారేరీ?



కుటుంబ చరిత్రకు చిత్రాల సాక్ష్యం అన్న అంశం మీద సదస్సును మాదాపూర్‌లో పెట్టడమేమిటని కొందరు మిత్రులు అడిగారు. పాతబస్తీలో, ఏ సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరో జరగవలసిన సభ కదా అన్నారు. నాకు మాత్రం ఇదే తగిన చోటనిపించింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఈ చుట్టుపక్కలంతా బండరాళ్లు, చేలు, చిన్న ఊళ్లు. ఇవాళ ఈ అద్దాల మేడల్లో కంప్యూటర్‌కు మనిషి ముఖం గుర్తుపట్టడం నేర్పుతున్నారు. ఆ నేర్పేవాళ్లలో తమ నాయనమ్మ తల్లిని ఫొటోలో చూపించగలిగేవాళ్లు ఎందరుంటారు?

బొమ్మ చూపించి వంశం చెప్పుకోవడం మనకు కెమెరాతో వచ్చిన అలవాటు కాదు. నాగార్జునకొండలో క్రీస్తుశకం మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల ఛాయాస్తంభాలున్నాయి. చాంతమూల మహారాజు పోయాక, ఆయన కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో రాజకుటుంబపు స్త్రీలు నిలిపిన స్తంభం వాటిలో ఒకటి. పోయినవారి రూపంతో పాటు, ఆయన ఎవరో, నిలిపినవారికి ఏమవుతారో రాతి మీదే ఉంది. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. అందుకే ఐదు వందల ఏళ్ల తరవాత కూడా ఎవరు ఎవరన్న తగువు లేదు.

రాజుల సంగతి అలా ఉంచితే, తెలంగాణ పల్లెల్లో చేర్యాల నకాశీలు గీసిన పటాలు ఊరూరా తిరిగేవి. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడజెట్టీలు గౌడులకు గౌడపురాణం ఆ పటాలు విప్పి చెప్పేవారు. పిచ్చిగుంట్లవారు కాపుల ఇళ్ల ముందు నిలబడి గోత్రాలూ వంశాలూ వల్లించేవారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. పటం ఎప్పుడూ ఒంటరిగా రాలేదు, చెప్పేవాడితో కలిసి వచ్చింది. చిరిగిపోయిన పాత పటాన్ని నదిలో వదిలేసి కొత్తది గీయించుకునేవారు. పటం పోయినా నోట్లో కథ మిగిలేది. కెమెరా వచ్చాక ఈ లెక్క తిరగబడింది. ఇప్పుడు పటం మిగులుతోంది, చెప్పేవాడు పోతున్నాడు. ఈ సదస్సు పరిశీలించవలసిన అసలు విషయం ఇదేనని నా అభిప్రాయం.

మన నగరంలో ఫొటోల కథ రాజా దీన్‌దయాళ్ దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడాయన. పరదాలో ఉండే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. ఆయన స్టూడియో గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ కాలపు ఫొటో చేతికొస్తే ముఖం కంటే ముందు దాన్ని అతికించిన అట్ట చూడండి. స్టూడియో పేరు, చిరునామా, బిరుదు దాని మీద ఉంటాయి. దీన్‌దయాళ్‌కు నిజాం ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చింది 1894లో. ఆ బిరుదు అచ్చయిన అట్ట అంతకు ముందుది కాదని తేలిపోతుంది. దుస్తుల్ని మాత్రం నమ్మకండి. షేర్వానీ, రూమీ టోపీ చూసి మతం నిర్ణయించేవాళ్లను నేను చూశాను. నిజాం కొలువులో ఉన్న హిందూ ఉద్యోగులూ అవే వేసుకున్నారు.

అయితే దీన్‌దయాళ్ కెమెరా ముందు నిలబడిన వాళ్లు ఎంతమంది? ఇక్కడున్న మనలో ఎక్కువమంది పూర్వీకులు ఆ గాజుపలకల్లో దొరకరు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయపడినవాళ్లు మనవాళ్లు. చాలా ఇళ్లలో తాతకున్న ఒకే ఒక్క ఫొటో ఆయన పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీయించినది. ఆ తరవాత టౌనులో స్టూడియోలు వచ్చాయి. అక్కడి కోటు స్టూడియోవాడిది, వాచీ స్టూడియోవాడిది, వెనక తెర మీది మేడా వాడిదే. గ్రూపు ఫొటోలోంచి ఒక తల తీసి పెద్దది చేయించి, నలిగిన చీరకు అంచు దిద్దించి పటం కట్టించేవారు. గోడ మీద బొట్టు పెట్టుకుని ఉన్న అవ్వ కట్టుకున్న చీర ఆమె ఎన్నడూ కట్టనిది కావచ్చు. పోలికల మాటా అంతే. ముక్కు అచ్చం పెద్దనాన్నదే అని ఇంట్లో మురిసిపోవచ్చు గానీ, పత్రంలో అది సాక్ష్యంగా రాస్తే నేను ఒప్పుకోను.

సామాన్యుడి బొమ్మ, పేరు, ఊరు ఒకేచోట దొరికేది ఎక్కడంటే సర్కారు కాగితంలో. 1971 చట్టం కింద వచ్చిన పట్టాదారు పాసుపుస్తకం చూడండి. ఫొటో, తండ్రి పేరు, గ్రామం, సర్వే నంబరు అన్నీ అందులో ఉంటాయి. ఈ మాదాపూర్ నేల అమ్మేసిన కుటుంబాల్లో ఆ పుస్తకం ఎవరైనా దాచి ఉంటే, అది వాళ్ల ఇంటి చరిత్రకు తొలి పుట.

ఇంతకంటే గట్టి ఉదాహరణ సముద్రం అవతల ఉంది. 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా మారిషస్ చేరారు. కోరంగి, మద్రాసు రేవుల్లో ఓడెక్కిన తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. 1860ల నుంచి అక్కడి ప్రభుత్వం కూలీల ఫొటోలు తీయించి నంబరు వేసి దాచింది. తోట వదిలి పారిపోతే పట్టుకోవడానికి తీసిన బొమ్మలవి, ముచ్చటపడి తీసినవి కావు. ఆ దస్తావేజులు ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. ఫొటో మీది నంబరు పట్టుకుంటే ఓడ పేరు, తండ్రి పేరు, వదిలొచ్చిన జిల్లా, ఊరు దొరుకుతాయి. ఆ నంబరు ఆధారంగా మనవలూ మునిమనవలూ తమ ఊరు వెతుక్కుంటున్నారు. మనం ప్రేమతో తీయించుకున్న పెళ్లి ఆల్బముల్లో అట్ట నుంచి అట్ట దాకా ఒక్క పేరుండదు!

ఇక ఈ మేడల్లో తయారయ్యే సాంకేతికత సంగతి. వెలిసిన ఫొటోకు యంత్రం రంగులు వేస్తోంది. 2021లో మైహెరిటేజ్ సంస్థ పాత ఫొటోల్లోని మనుషులు కళ్లార్పి నవ్వేలా చేసే సదుపాయం తెచ్చింది. చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను తప్పుపట్టను. కానీ ఆ చీర రంగు యంత్రం ఊహ, ఆ నవ్వు యంత్రం ఊహ. అసలు ఫొటో భద్రపరచకుండా యంత్రం చేసినదాన్ని మాత్రమే పిల్లలకు పంపితే, మరో తరానికి ఇదే ముత్తవ్వ అవుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే తేదీ, చోటు వంటి వివరాలు కూడా రాలిపోతాయి.

విద్యార్థులకు నా విన్నపం. ఫొటోలు మీ ఇంట్లోనే వెతక్కండి, మేనత్తల ఇళ్లకు వెళ్లండి. ఆడపిల్లలు అత్తారింటికి పోతూ పెట్టెలో పుట్టింటి ఫొటోలు పట్టుకెళ్లారు. స్త్రీల దగ్గర ఫలానావారి భార్య అని వదిలేయకుండా సొంత పేరు, పుట్టింటి ఇంటిపేరు రాయండి. చెప్పినవారెవరో, ఏ తేదీన చెప్పారో కూడా రాయండి. ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను వాడితే అచ్చు ముందుకు దిగుతుంది. ఇద్దరు పెద్దవాళ్లు ఒకే ముఖానికి రెండు పేర్లు చెబితే రెండూ రాయండి, తీర్పు తరవాత.

నిర్వాహకులకు ఒక ప్రతిపాదన. వచ్చే సదస్సుకు పత్రం తెచ్చే ప్రతివారూ పేర్లు, బంధుత్వాలు, చెప్పినవారి వివరాలతో కనీసం ఒక కుటుంబపు ఫొటోలు నమోదు చేసి తేవాలని నియమం పెట్టండి. సభ ఆమోదిస్తే దీన్ని ముగింపు సమావేశంలో తీర్మానంగా ప్రవేశపెట్టడానికి నేను సిద్ధం. మొదటి సమావేశానికి వక్తలు వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాను.