వరాఛాలో గోంగూర

(మన సమాజపు ఉగాది సభలో చేసిన ప్రసంగము)



విందునకు ముందు ప్రసంగించువాని మాట ఎవరికిని చెవికెక్కదు. అందుచే విందును గూర్చియే మాటలాడుటకు నిశ్చయించుకొంటిని. ఢిల్లీలోని మనకు ఊరిమీద బెంగ కలిగినచో ఆంధ్రభవన్ భోజనశాల కలదు. ఉద్యోగరీత్యా నేను కొన్ని మాసములు సకుటుంబముగా నివసించిన సూరత్ నగరపు వరాఛాలో మాకట్టి ఆధారము కనబడలేదు.

వరాఛా తాపీనదికి దక్షిణమున, రైలుస్టేషనుకు తూర్పున ఉన్నది. వజ్రములకు సానపట్టు పనివారి పేట. వారిలో పెక్కుమంది సౌరాష్ట్రమునుండి వచ్చినవారు.

మా తల్లిగారికి అప్పటికి 75 ఏండ్లు. పల్నాటి మనిషి. వచ్చిన నెలనాళ్లకే అన్నము సగమునకు తగ్గించిరి. వైద్యుడు చూచి రోగమేదియు లేదనెను. కందిపప్పు, చింతపండు, ఎండుమిరప బజారున దొరకుచునే యున్నవి. ఇంటిలో వంట మన వంటయే. అయినను ఆమె పళ్లెము ముందు కూర్చుండి, పప్పన్నమును వ్రేళ్లతో కదపి, లేచిపోవుచుండిరి. చీర వదులగుట చూచి నా భార్య భయపడెను. ఒకనాడు నిలదీసి యడుగగా, "గోంగూర తిని ఎన్నాళ్లయిందో" అనిరి. అంతియే.

ఆవకాయ అయినచో చింతలేదు. విజయవాడ, వరంగల్లుల మీదుగా సూరత్ చేరు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎన్ని జాడీలను మోసినదో రైల్వేవారి లెక్కలకు ఎక్కియుండదు. పచ్చి ఆకు మాత్రము అంత ప్రయాణమునకు ఓర్వదు. నాలుగు దినములు వరాఛా బజారున తిరిగితిని. ఆకు ఆకారమును చేతులతో చూపితిని, పులుపును ముఖముతో చూపితిని. వారు నిమ్మకాయలు చూపిరి.

ఐదవనాడు లింబాయత్ పోయితిని. కరీంనగరు, వరంగల్, నల్లగొండ ప్రాంతములనుండి మరమగ్గముల పనికై వచ్చిన పద్మశాలీ కుటుంబములు అచ్చట విస్తారముగా నున్నవి. వారి బిడ్డలకై నగరపాలక సంస్థ తెలుగు పాఠశాలలను సైతము నడిపినది. వీధి అరుగుపై కూర్చున్న ఒక ఇల్లాలిని అడిగితిని. "పుంటికూరనా సార్? గిక్కడ అంబాడీ అని అడగాలె" అనెను. గోంగూర యన్న ఆమెకును మొదట తెలియలేదు, నేను వర్ణింపవలసివచ్చెను!

అంబాడీ మరాఠీ పేరు. తాపీలోయ వెంట ఖాందేశమునుండి వచ్చిన మరాఠీవారు సూరత్‌లో అనేకులు. 1960 మే 1 వరకు ఆ నగరము బొంబాయి రాష్ట్రములోనిదే గదా. ఆ పేరు పట్టుకొని మరల బజారునకు పోగా, ఖాందేశపు ముసలమ్మ ఒకతె గంపలోనుండి రెండు కట్టలు తీసి చేతిలో పెట్టెను. నేను నాలుగు దినములు దాటిపోయిన గంపయే అది. బదిలీపై పోయి "అక్కడ తిండి లేదండీ" యని వచ్చువారిని చూచినపుడు, వీరు ఎన్ని పేర్లతో అడిగిరో యని నాకు సందేహము కలుగుచుండును.

ఆ రాత్రి పచ్చడితో మా తల్లిగారు రెండుమారులు అన్నము పెట్టించుకొనిరి. పిమ్మట చేయి కడుగుకొనుచు, "పులుపు చాలలేదు. తెల్ల గోంగూర ఇచ్చిందిరా, ఎర్రది అడుగు" అనిరి. నా భార్య వంటయింటిలోనికి పోయి కన్నులు తుడుచుకొనెను.

ఆకలి వచ్చినతోడనే ఆమెకు చుట్టుప్రక్కల మీద ఆసక్తియు పుట్టెను. ప్రక్కయింటి కాఠియావాడీ గృహిణి సజ్జరొట్టెతో ‘ఓళో’ పంపగా, అది కాల్చిన వంకాయ పచ్చడియే యని, చింతపండు మరచిరని తేల్చిరి. చలికాలమున సూరత్‌వారు లేత జొన్నకంకులను నిప్పులపై కాల్చి, గింజలు రాల్చి, ‘పోంక్’ అని మక్కువతో తిందురు. మా తల్లిగారు నోట వేసికొని, "ఊచబియ్యం!" అని బాలికవలె కేకవేసిరి. ఉగాదినాడు వేపపూవునకు వెదకులాటయే లేదు. చైత్రమున గుజరాతీలును వేపపూత రసము త్రాగుదురు.

ఇప్పుడు ఢిల్లీకి మరలి వచ్చితిమి. మా చిన్నమ్మాయి మాత్రము గోంగూరను అంబాడీ యనియే పిలుచుచున్నది. నేను దిద్దుట లేదు. వాళ్ల నాయనమ్మగారు దిద్దుచున్నారు, పూటకొకసారి.