పాత వాషింగ్ మిషను కొనేముందు

పాత వాషింగ్ మిషను చవగ్గా వస్తోందంటే మనసు లాగుతుంది కదండీ! పైమెరుగు చూసి డబ్బివ్వకండి. మన పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ళ సున్నానికే పేరు. బోరునీళ్ళతో వాడిన మిషనైతే లోపల తెల్లటి గార పట్టిందేమో చూడండి. పల్చటి గారైతే నిమ్మఉప్పుతో పోతుంది. ప్లగ్గు తీసి, పిండే తొట్టిని చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగు అరిగినట్టే. తర్వాత నీళ్ళుపోసి, బట్టలువేసి నడిపించమనండి. మూత ఎత్తినా పిండే తొట్టి ఆగకుండా తిరుగుతూంటే బ్రేకు పోయిందన్నమాట. పిల్లల చేతులకు ప్రమాదం. అడుగు తుప్పుపట్టి నీళ్ళు కారుతుంటే ఎంత చవకైనా వద్దనండి. ఇంటికి తెచ్చాక, ఎలక్ట్రీషియనుచేత ఎర్తు చూపించాకే స్విచ్చి వెయ్యండి. తడిచేతులతో పనిచేసేది మనమే కదా!