ఛాతీలో పేస్‌మేకర్, చేతిలో వెల్డింగ్ హోల్డర్

పేస్‌మేకర్ పెట్టించుకున్న ఎలక్ట్రీషియన్‌ను మొదట పట్టుకునే భయం ఒకటే: ఇక పని మానేయాలా? చాలామంది మానక్కర్లేదు. అయితే కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అది మరీ బలంగా ఉంటే, పరికరం దాన్నే గుండె సంకేతమనుకొని తన పని ఆపేయవచ్చు. ఐసీడీ (ప్రమాదకరంగా మారిన గుండె లయను షాక్‌తో సరిచేసే పరికరం) అయితే అనవసరంగా షాక్ ఇవ్వవచ్చు.

వెల్డింగే తీసుకోండి. హోల్డర్ కేబుల్‌నూ ఎర్త్ కేబుల్‌నూ ఒకదానికొకటి మెలేసి పరిస్తే, ఎదురెదురుగా పారే కరెంట్ల క్షేత్రాలు చాలావరకు రద్దవుతాయి. ఎర్త్ క్లాంపును అతుకు పెట్టేచోటికి దగ్గరగా బిగించండి. కేబుల్‌ను భుజాన వేసుకోవద్దు. ఆర్క్‌కూ ఛాతీకీ మధ్య కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి. గ్లౌజులు తడిగా ఉంటే మార్చేయండి. తల తిరిగినట్టుంటే వెంటనే ఆపి దూరం జరగండి.

మళ్లీ పనిలోకి వెళ్లేముందు డాక్టరును అడిగేటప్పుడు ‘ఫ్యాక్టరీలో పని’ అంటే చాలదు. మిషన్ ఏదో, ఎన్ని ఆంపియర్లో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.