తొట్టికి కొళాయి - చుక్క కారకుండా



నంద్యాల దగ్గర మహానంది కోనేరు మీలో చాలామంది చూసి ఉంటారు. ఒక పక్క నీళ్లు వస్తాయి. ఇంకో పక్క పోతాయి. పోయిన నీళ్లు పొలాలకు పారుతాయి. కోనేట్లో లోతు మాత్రం ఒకేలా ఉంటుంది. నీళ్లు పోయే దారి ఉండటం తప్పు కాదు. అది మన అదుపులో ఉండాలి.

ఇంట్లో నీళ్ల డ్రమ్ము సంగతీ అంతే. కొళాయి కోసం దానికి చిల్లు వేస్తారు. చిల్లు చుట్టూ నీళ్లు కారితే ఎంత నష్టం? లెక్క వేద్దాం.

సెకనుకు ఒక చుక్క కారిందనుకోండి. రోజుకు 86,400 చుక్కలు. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే రోజుకు 4 లీటర్లు దాటుతుంది. నెలకు 120 లీటర్ల పైమాటే! నంద్యాలలో అయినా, ఆళ్లగడ్డలో అయినా, ఎండాకాలంలో ఆ నీళ్లు మోసేది ఎవరు? ఆడవాళ్లే కదా!

నీళ్లు కారితే చాలామంది నట్టు ఇంకా గట్టిగా బిగిస్తారు. డ్రమ్ము పగులుతుంది. నీళ్లను ఆపేది మన బలం కాదు. రబ్బరు వాషరు.

పని ఇలా చేయాలి:

డ్రమ్ముకు చదునైన చోటు చూడాలి. వంపు ఉన్నచోట వాషరు సరిగా ఆనదు.

గొట్టం లావు ఎంతో చిల్లు అంతే ఉండాలి. మేకు కాల్చి పొడవకూడదు. చిల్లు వంకర పోతుంది. డ్రిల్లుతో వేయించాలి.

చిల్లు అంచు గరుకు కాగితంతో రుద్దాలి. పొడిగుడ్డతో తుడవాలి.

వాషరు లోపలి వైపు, అంటే నీళ్లుండే వైపు పెట్టాలి. నట్టు బయట ఉండాలి. ముందు చేత్తో బిగించాలి. తర్వాత పానాతో పావు చుట్టు తిప్పితే చాలు.

తెల్ల టేపు కొళాయి మరలకు చుట్టాలి. అది వాషరు పని చేయదు.

బేతంచెర్ల బండలతో కట్టిన తొట్టి అయితే గొట్టం చుట్టూ సిమెంటు పెట్టవచ్చు. సిమెంటు రాతికి పట్టుకుంటుంది. ప్లాస్టిక్కుకు పట్టదు, ఊడిపోతుంది. తాగే నీళ్ల తొట్టికి తారు పూయకూడదు.

పట్నంలో కొందరు గాజు తొట్టెల్లో రంగుచేపలు పెంచుతారు. ఆ తొట్టెకూ పైపు కోసం చిల్లు వేస్తారు. అక్కడా వాషరే కావాలి. గాజుకు బిగువు ఎక్కువైతే పగులుతుంది. అంచులకు సిలికాన్ బంక వాడతారు. బూజు పట్టకుండా మందు కలిపిన బంక చేపలకు హాని.

ఏ బంక కొన్నా డబ్బా మీద అంకెలు చదవండి. ఏ తేదీ లోపల వాడాలి? ఎన్ని గంటలు ఆరాలి? 24 గంటలు అని ఉంటే ఒక పగలు, ఒక రాత్రి ఆగాల్సిందే. తొందరపడి నీళ్లు పోస్తే పని చెడుతుంది.

ఆరిన తర్వాత నీళ్లు నింపండి. కొళాయి కింద పొడి కాగితం పరవండి. తెల్లారి కాగితం తడవకపోతే పని కుదిరినట్టే. పక్కింటి అక్కకూ చూపించండి.